మాట్లాడే జీవిని డాన్‌గా రాయడం ఎలా? జలగ పెద్దమ్మను కలిసి తయారు చేద్దాం

నమస్కారమండీ. ఫాంటసీ సిరీస్ రాసేవాళ్లకి బాగా అలవాటైన సీన్ ఒకటుంది. చీకటి గుహ, నిండా పొగ. మధ్యలో పెద్ద కప్పో, తేలో, ఎలుకో కూర్చుని ఉంటుంది. చుట్టూ మనుషులు వణుకుతుంటారు. అప్పుడా జీవి నోరు తెరిచి "నేనెవరో తెలుసా?" అంటుంది. నాకు భయం అక్కడితో పోతుంది. తానెవరో తనే చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఆ డాన్‌కి ఇంకా పేరు రాలేదన్నమాట.

ఈ వీడియోలో అలాంటి పాత్రని మొదటి నుంచి తయారు చేద్దాం. చివర్లో ఒక సీన్ రెండు రకాలుగా రాసి చూపిస్తాను. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి, మధ్యలో ఆపి రాసుకోవాల్సి వస్తుంది.

ముందు ఒక పాత పాత్రని విప్పి చూద్దాం. లూయిస్ కారల్ 1865లో అచ్చు వేసిన ఆలిస్ కథలో ఐదో అధ్యాయం. పుట్టగొడుగు మీద ఒక గొంగళి పురుగు కూర్చుని హుక్కా పీలుస్తూ ఉంటుంది. ఆలిస్ వస్తుంది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకుంటారు, మాట ఉండదు. తర్వాత పురుగు నోట్లోంచి హుక్కా తీసి, నిద్రమత్తు గొంతుతో "నువ్వెవరు?" అని అడుగుతుంది.

గమనించారా? నేనెవరో తెలుసా అనలేదు. నువ్వెవరు అంది. ఆ ప్రశ్నకి ఆలిస్ జవాబు చెప్పలేకపోతుంది. పొద్దుటి నుంచి తను ఎన్నోసార్లు మారిపోయానంటుంది. ఇంతకీ ఆ పురుగు ఎత్తు మూడంగుళాలు. అయినా సీన్ మొత్తం దాని చేతిలోనే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ అది ఒక రహస్యం చెబుతుంది: ఒక వైపు తింటే పొడుగవుతావు, ఇంకో వైపు తింటే పొట్టిగా అవుతావు. దేని వైపు అని ఆలిస్ అనుకునేలోపే, పుట్టగొడుగుదని చెప్పి వెళ్లిపోతుంది. గుండ్రటి పుట్టగొడుగుకి ఏది ఏ వైపో చెప్పదు.

పుస్తకంలో ఆ పురుగు నేరస్థుడు కాదు. కానీ 2013 అక్టోబరులో అమెరికాలో ఏబీసీ చానల్ మొదలుపెట్టిన వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ వండర్‌ల్యాండ్ సిరీస్‌లో అదే పురుగు ముఠా నాయకుడైంది. గొంతు ఇచ్చింది రాక్ గాయకుడు ఇగీ పాప్. 2014 ఏప్రిల్‌లో, 13 ఎపిసోడ్లతో ఆ సిరీస్ ముగిసిపోయింది. కానీ అందులో రచయితలు చేసిన ఆ ఒక్క మార్పు నాకు చాలా ఇష్టం. కూర్చున్న చోటు నుంచి కదలకపోవడం, అవసరమున్నవాళ్లే తన దగ్గరికి రావడం, అందరికీ కావాల్సిన సంగతి తన దగ్గరే ఉండటం, అది సగమే చెప్పడం... డాన్‌కి కావాల్సినవన్నీ ఆ పురుగుకి 1865లోనే ఉన్నాయి. సిరీస్ వాళ్లు దానికి అప్పు జోడించారు. ఆలిస్‌తో తిరిగే నేవ్ అనే అతను ఆ పురుగుకి బాకీ పడి ఉంటాడు. అంతే, పురుగు డాన్ అయిపోయింది.

ఇక్కడ ఆపి రాసుకోండి. డాన్ అంటే కోరలు కాదు, బాకీ. ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారో రాయకుండా ఆ జీవి ఆకారం గురించి ఆలోచించొద్దు.

సరే, ఏ జీవిని ఎంచుకోవాలి? దానికి నా పద్ధతి ఒకటే. ఆ జీవి నిజంగా ఎలా బతుకుతుందో ముందు చదవండి. గొంగళి పురుగునే తీసుకుందాం. నీలిరంగు సీతాకోకచిలుకల జాతిలో కొన్నిటి గొంగళి పురుగులు ఒంటి మీదున్న గ్రంథి నుంచి తియ్యటి ద్రవం వదులుతాయి. చీమలు అది తాగి, బదులుగా పురుగుకి కాపలా కాస్తాయి. జపాన్ పరిశోధకులు 2015లో చూపించింది ఇంకా ఒళ్లు జలదరించే సంగతి. ఆ ద్రవం తాగిన చీమల మెదడులో డోపమైన్ అనే రసాయనం తీరు మారి, అవి ఇంటికి పోవడం మానేసి పురుగు చుట్టూనే తిరుగుతాయి. ఇంకో రకం పురుగులు చీమల వాసననే తెచ్చిపెట్టుకుని పుట్టలోకి చేరి, అక్కడి పిల్లల్ని తినేస్తాయి. చీమలేమో దాన్ని తమ బిడ్డే అనుకుని సాకుతాయి. చాప కింద నీరులా పాకే ముఠా నాయకుడు మీకు కావాలంటే ఇంతకన్నా ఏం కల్పించాలి? ఇవి చదివాక నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు వాటంతటవే నిండిపోయాయి.

అయితే ఈరోజు మనం గొంగళి పురుగుని చేయడం లేదు. ఎందుకో చెప్తాను. బఫీ ద వాంపైర్ స్లేయర్ సిరీస్‌లో 2001లో వచ్చిన టబులా రాసా ఎపిసోడ్‌లో వడ్డీ వ్యాపారి ఒకడున్నాడు. ఒళ్లు మనిషిది, తల సొరచేపది. బాకీ వసూలు చేసేది పిల్లి కూనల రూపంలో. ఇంగ్లీషులో వడ్డీకి పీడించేవాణ్ణి లోన్ షార్క్ అంటారు కాబట్టి వాళ్లకి ఆ తల చూడగానే అర్థమైపోతుంది. తెలుగులో వడ్డీ వ్యాపారిని సొరచేప అని ఎవరూ తిట్టరు. మనం ఏమంటాం? జలగ అంటాం. జలగలా పట్టుకున్నాడు, జలగలా పీలుస్తున్నాడు అంటాం. మన నాలుక మీద ఎప్పటి నుంచో ఉన్న ఆ మాటనే పాత్రగా మారుద్దాం.

జలగ గురించి తెలిసినవి ఇప్పుడు స్క్రీన్ మీద రాస్తున్నాను. కుట్టినా నొప్పి తెలియదు. వదిలేశాక కూడా గాటు నుంచి గంటల తరబడి రక్తం కారుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని లాలాజలంలో హిరుడిన్ అనే పదార్థం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. ఒక్కసారి తాగితే తన బరువుకి కొన్ని రెట్లు తాగి, ఆ తర్వాత నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఆకలిగా ఉన్నప్పుడు సన్నగా, పలచగా ఉంటుంది. తాగాక ఉబ్బుతుంది. వైద్యానికి వాడే జాతికి పది కళ్లు. కానీ వాటికి బొమ్మ కనపడదు, వెలుగూ నీడా తెలుస్తాయంతే. నీటిలో అలల కదలికని బట్టి ఎవరో వస్తున్నట్టు పసిగడుతుంది. ఇంకోటి, జలగ వైద్యం కూడా చేస్తుంది. తెగిన వేలు తిరిగి అతికించాక రక్తం పేరుకుపోతే తీయడానికి ఇప్పటికీ వాడతారు. 2004లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి అనుమతి కూడా ఇచ్చింది.

ఈ చివరి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన డాన్ మొదట వైద్యురాలు అయితే? ఆమె చేసేది నిజంగా మేలే అయితే? చిత్తడి నేల మధ్యలో ముసలి జలగ. అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. జబ్బు పడిన పిల్లల ఒంట్లోంచి విషం తీస్తుంది. ఫీజు అడగదు, తర్వాత చూసుకుందాంలే అంటుంది. ఆ "తర్వాత" అన్నదే ఆమె వ్యాపారం మొత్తం.

ఇప్పుడు సీన్. పడవ నడిపే ఒకతను ఉన్నాడు. అతని కూతురికి ఆమె ప్రాణం పోసింది. మొదటి డ్రాఫ్ట్‌లో చాలామంది ఇలా రాస్తారు:

పెద్దమ్మ: నా బాకీ ఎక్కడరా? రేపటిలోగా తీర్చకపోతే నీ రక్తం మొత్తం తాగేస్తాను!
పడవవాడు: వద్దు పెద్దమ్మా, దయచేసి వదిలేయండి!

రక్తం తాగే జీవి రక్తం తాగుతానంటే కొత్తేముంది? సీన్ మొదలు కాకముందే చూసేవాళ్లకి తెలిసిపోయిన విషయం అది. పైగా అరుపు. అరిచే డాన్‌కి కోపం వచ్చిందని తెలుస్తుంది, కానీ అధికారం ఉందని తెలియదు. ఇప్పుడు రెండో డ్రాఫ్ట్ చదువుతాను. నెమ్మదిగా వినండి.

పెద్దమ్మ (అటు తిరిగే ఉంటుంది): వచ్చావా నాయనా. పాప ఎలా ఉంది?
పడవవాడు: బాగుంది పెద్దమ్మా. నిన్నటి నుంచి లేచి తిరుగుతోంది.
పెద్దమ్మ: కాలి మీద గాటు?
పడవవాడు: మానిపోయింది. మచ్చ కూడా లేదు.
పెద్దమ్మ: మంచిది. అమావాస్య రాత్రి నీ పడవ కావాలి. ఒకాయన వస్తాడు. ఎక్కించుకో.
పడవవాడు: అవతలి ఒడ్డున ఎక్కడ దింపమంటారు?
పెద్దమ్మ: దింపమని అనలేదు నాయనా.
(నీటి చప్పుడు.)
పడవవాడు: పెద్దమ్మా, నేను మనుషుల్ని దాటించేవాణ్ణి. ఇది నావల్ల కాదు. డబ్బు ఎంతైనా చెప్పండి, ఏళ్ల తరబడి కష్టపడైనా కడతాను.
పెద్దమ్మ: సరేనండి.
(పడవవాడు తలెత్తి చూస్తాడు.)
పెద్దమ్మ: మిమ్మల్ని బలవంతం చేసే హక్కు నాకెక్కడిది? వెళ్లిరండి. ఇంటికి వెళ్లగానే పాప కాలికి గుడ్డ గట్టిగా చుట్టండి.
పడవవాడు: గుడ్డ ఎందుకు? మానిపోయిందిగా.
పెద్దమ్మ: మానలేదండి. నేను మూసి ఉంచాను.

ఈ సీన్‌లో రక్తం అన్న మాటే లేదు. బెదిరింపు అంతా "అండి"లో ఉంది. ఇది మన భాష మనకిచ్చిన వరం. నువ్వు నుంచి మీరుకి వెళ్లడం వేరే చోట మర్యాద కావచ్చు. కానీ నాయనా అని పిలిచే పెద్దావిడ ఉన్నట్టుండి మీరు అంటే, ఇక నువ్వు నా మనిషివి కాదు అని అర్థం. అది మనకి విడమరచి చెప్పక్కర్లేదు, వింటే గుండె జారుతుంది. అందుకే ఈ మార్పుని సీజన్ మొత్తంలో రెండు మూడుసార్లకి మించి వాడొద్దు. మిగతా అన్నిసార్లూ ఆమె అందరికీ పెద్దమ్మే, ఆప్యాయంగానే మాట్లాడాలి. ఆ ఆప్యాయత నటన అని నటికి చెప్పకండి. పెద్దమ్మకి ఆ పాప అంటే నిజంగానే ఇష్టం.

మొదటి లైన్ కూడా చూడండి. అతను కనపడకముందే "వచ్చావా" అంటుంది. చూపు లేదు కదా, పడవ అలని బట్టి ఎవరో తెలిసిపోయింది. నిజమైన జలగకున్న గుణమే ఇక్కడ ఆమె పరువు అయింది.

ఇప్పుడు మీలో చాలామంది అడగబోయే ప్రశ్న. జలగ మీద ఉప్పు చల్లితే పోతుందని అందరికీ తెలుసు. మరి ఇన్నాళ్లూ ఎవరూ ఆ పని ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నని తప్పించుకోకండి. ఇలాంటి పాత్రలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బలహీనత అందరికీ తెలిసి ఉండాలి, అయినా ఎవరూ ముట్టుకోలేకపోవాలి. మన కథలో జవాబు ఇది: చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఆమె మూసి ఉంచిన గాటు ఒకటి ఉంది. ఆమె పోతే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. అందుకే ఆమె గుమ్మంలో కాపలా కాసేది రౌడీలు కాదు, తల్లిదండ్రులు. ఎవరైనా కొత్తవాడు ఉప్పు మూటతో వస్తే పెద్దమ్మ వేలు కూడా కదపక్కర్లేదు. ఊళ్లోవాళ్లే అతన్ని ఆపుతారు, ఏడుస్తూ ఆపుతారు. సిరీస్‌లో మీ హీరో అసలు పోరాటం వాళ్లతోనే.

ఈ నియమాన్ని పడవవాడి సీన్‌కి ముందే చూపించాలి, లేకపోతే చివరి లైన్ పేలదు. మొదటి ఎపిసోడ్‌లో ఎవరో ఊరు వదిలి పారిపోతాడు, పదేళ్ల నాటి మచ్చ దారిలో తడిగా మారుతుంది. ఎవరూ ఏమీ వివరించొద్దు. నాలుగు సెకన్ల షాట్ చాలు.

ఆమె చిత్తడి వదిలి రాలేదు, ఒళ్లు ఆరిపోతుంది. కాబట్టి బయట తిరిగే మనిషి ఒకడు కావాలి. అతని కోసం పంచతంత్రంలో మిత్రభేదం మళ్లీ చదవండి. దమనకుడనే నక్క సింహానికి ఎద్దు గురించి ఒకటి చెబుతాడు, ఎద్దుకి సింహం గురించి ఇంకోటి చెబుతాడు. కత్తి పట్టడు. అలాంటివాడు.

చిత్రీకరణ గురించి కొంచెం. కంప్యూటర్‌లో చేసే జీవి తెర మీద ఉన్న ప్రతి సెకనుకీ ఖర్చు అవుతుంది. మన పాత్రకి అది ఇబ్బంది కాదు. కెమెరా పడవవాడి ముఖం మీద ఉంచండి, నీటి మీద వలయాలు చూపించండి, తడి వీపు కాస్త మెరిస్తే చాలు. గొంతు చెప్పే ఆర్టిస్ట్‌కి నేనిచ్చే సూచన ఒకటే: ఊపిరి వినిపించొద్దు. జలగ చర్మంతో శ్వాస తీసుకుంటుంది, ముక్కూ ఊపిరితిత్తులూ లేవు. మధ్యలో గాలి పీల్చుకోకుండా సాగే మాట వింటుంటే ఏదో తేడాగా ఉందని మనసుకి తెలుస్తుంది, అదేంటో చెప్పలేం. రికార్డింగ్‌లో శ్వాసలన్నీ కత్తిరించేయండి.

ఇక మిగిలింది ఒంటి పరిమాణం. మొదటి ఎపిసోడ్‌లో పెద్దమ్మ ఆకులా పలచగా ఉండాలి. ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ కొంచెం కొంచెం లావు అవ్వాలి. ఎవరూ ఆ సంగతి మాట్లాడకూడదు. అమావాస్య మర్నాడు పడవ ఖాళీగా ఒడ్డుకి వస్తుంది. పడవవాడు తెడ్డు పక్కన పెట్టి, ఇంటికి పరిగెత్తి, పాప కాలికి చుట్టిన గుడ్డ విప్పుతాడు. గుడ్డ పొడిగా ఉంటుంది. కట్ చేసి పెద్దమ్మని చూపించండి. నిన్నటికన్నా లావుగా ఉంటుంది.