ప్యాకెట్ పంపేముందు కంప్యూటర్ వేసుకునే ఒక్క ప్రశ్న

అందరికీ నమస్కారం. నెట్‌వర్కింగ్ బేసిక్స్ నేర్చుకుని టెక్నీషియన్ స్థాయి సర్టిఫికేషన్ ఒకటి కొడదాం అనుకునేవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి డైరెక్ట్‌గా విషయంలోకి వెళ్ళిపోతా. సిస్కో వాళ్ళ సీసీఎస్‌టీ కావచ్చు, కాంప్‌టియా వాళ్ళ నెట్‌వర్క్ ప్లస్ కావచ్చు, లోపలి సరుకు చాలావరకు ఒకటే. సిలబస్ తెరిస్తే ఓఎస్ఐ లేయర్లు, పోర్ట్ నంబర్లు, కేబుల్ రకాలు, వైఫై స్టాండర్డ్‌లు, వీల్యాన్‌లు అంటూ చాంతాడంత లిస్టు ఉంటది, అది చూడగానే చాలామంది చేసే మొదటి పని నోట్‌బుక్ తీసి బట్టీ మొదలెట్టడం. రెండు వారాలు లేయర్ల పేర్లు, ఇంకో వారం పోర్ట్‌లు, ఆ తర్వాత సబ్‌నెటింగ్ దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి పుస్తకం మూసేయడం. నేను చెప్పేది వేరే దారి.

ముందు ఆ ఓఎస్ఐ సంగతి తేల్చేద్దాం. నెట్‌వర్క్ పనిని ఏడు లేయర్లుగా విడగొట్టి చూపే ఈ మోడల్‌ని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1984లో స్టాండర్డ్‌గా పబ్లిష్ చేసింది. కానీ అప్పటికే, అంటే 1983 జనవరి 1నే, ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీ అనే ప్రోటోకాల్స్‌కి మారిపోయింది. అంటే ఇవాళ మన ఇంటర్నెట్ నడిచేది ఓఎస్ఐ మీద కాదు, టీసీపీ/ఐపీ మీద. మరి ఓఎస్ఐ ఎందుకు చదవాలి అంటే, నెట్‌వర్క్ మనుషులు మాట్లాడుకునే భాష అది. "లేయర్ 1 చూశావా" అంటే కేబుల్ చూశావా అని, "లేయర్ 2 ఇష్యూ" అంటే స్విచ్, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే హార్డ్‌వేర్ అడ్రస్) వైపు, "లేయర్ 3" అంటే ఐపీ, రౌటింగ్. ఆ మూడూ, దాని పైన టీసీపీ, యూడీపీలు ఉండే నాలుగోదీ గట్టిగా పట్టుకోండి. ఐదు, ఆరు పరీక్ష కోసం ఏం చేస్తాయో చదువుకుంటే చాలు, వాటి మీద రాత్రుళ్ళు మేలుకోవాల్సినంత ఏం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ల్యాప్‌టాప్ ఏ ప్యాకెట్ పంపాలన్నా, పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటది: నేను పంపాల్సినవాడు నా నెట్‌వర్క్‌లోనే ఉన్నాడా, బయట ఉన్నాడా? అంతే. ఈ ఒక్క ప్రశ్న అర్థమైతే సబ్‌నెట్ మాస్క్ ఎందుకో, ఏఆర్పీ ఎందుకో, డీఫాల్ట్ గేట్‌వే ఎందుకో, స్విచ్‌కీ రౌటర్‌కీ తేడా ఏంటో అన్నీ దాని వెనకాలే వచ్చేస్తాయి, విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు.

ఉదాహరణకి మీ ల్యాప్‌టాప్ ఐపీ 192.168.1.25, మాస్క్ 255.255.255.0, గేట్‌వే, అంటే బయటికి దారిచ్చే రౌటర్, 192.168.1.1 అనుకోండి. ప్రింటర్ 192.168.1.60. మాస్క్‌లో 255 ఉన్నచోట అంకెలు రెండు వైపులా కలవాలి, 0 ఉన్నచోట ఏదైనా ఉండొచ్చు. 192.168.1 అక్కడా ఇక్కడా ఒకటే, కాబట్టి ప్రింటర్ లోపలోడే. సరే లోపలే ఉన్నాడు, కానీ వైర్ మీదకి ఫ్రేమ్ (ప్యాకెట్‌కి బయట చుట్టే పొర) వెయ్యాలంటే ఐపీ ఒక్కటే సరిపోదు, మ్యాక్ అడ్రస్ కావాలి, అదేమో మన దగ్గర లేదు. అప్పుడు ల్యాప్‌టాప్ ఏం చేస్తదంటే నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా ఒక కేక వేస్తది, "192.168.1.60 ఎవరు, నీ మ్యాక్ చెప్పు" అని. అది బ్రాడ్‌కాస్ట్, అందరికీ వెళ్తది, ప్రింటర్ ఒక్కటే జవాబిస్తది. ఇదే ఏఆర్పీ. 1982 నవంబర్‌లో రాసిన ఆర్ఎఫ్‌సీ 826లో (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ పద్ధతుల్ని రాసిపెట్టే పత్రం) ఉన్న పద్ధతి, ఇప్పటికీ ఐపీవీ4 నడిచే లోకల్ నెట్‌వర్క్‌లలో ఇదే నడుస్తోంది. వచ్చిన జవాబుని కాసేపు ఒక టేబుల్‌లో దాచుకుంటది, కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్పీ మైనస్ ఏ కొడితే అది మీకే కనిపిస్తది, ఇవాళే కొట్టి చూడండి.

మధ్యలో స్విచ్ పని ఏంటి మరి? స్విచ్‌కి మామూలుగా ఈ ఐపీల గొడవ పట్టదు. ఏ పోర్ట్ నుంచి ఏ మ్యాక్ వచ్చిందో, అంటే పంపినవాడి మ్యాక్ చూసి, రాసిపెట్టుకుంటది. వెళ్ళాల్సిన మ్యాక్ తన టేబుల్‌లో ఉంటే ఆ పోర్ట్‌కి మాత్రమే పంపిస్తది, లేకపోతే వచ్చిన పోర్ట్ తప్ప మిగతా అన్నిట్లోకీ వదిలేస్తది. నేర్చుకునేది పంపినవాడి అడ్రస్ చూసి, పంపించేది అందుకోవాల్సినవాడి అడ్రస్ చూసి. ఈ రెండూ తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు పరీక్షలో, జాగ్రత్త.

ఇక వెళ్ళాల్సినవాడు బయటున్నాడు అనుకుందాం. ఉదాహరణకి 8.8.8.8, గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్, అంటే వెబ్‌సైట్ పేరు చెప్తే దాని ఐపీ చెప్పే సర్వర్. మాస్క్ పెట్టి చూస్తే కలవలేదు, బయటోడు. అప్పుడు ల్యాప్‌టాప్ 8.8.8.8 మ్యాక్ కోసం కేక వెయ్యదు, గేట్‌వే మ్యాక్ కోసం వేస్తది. ఇక్కడే నూటికి తొంభైమంది జారేది. ప్యాకెట్ మీద అందుకునేవాడి ఐపీ 8.8.8.8 అనే ఉంటది, కానీ ఫ్రేమ్ మీద అందుకునేవాడి మ్యాక్ మాత్రం రౌటర్‌ది. రౌటర్ ఆ ఫ్రేమ్ విప్పేసి, లోపలి ప్యాకెట్ చూసి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) ఒకటి తగ్గించి, తర్వాతి గడపకి తగ్గట్టు కొత్త ఫ్రేమ్ కట్టి పంపిస్తది. అంటే ప్రతి రౌటర్ దగ్గరా ఫ్రేమ్ మారుతుంది, ఐపీ అడ్రస్‌లు మారవు, మధ్యలో నాట్ జరిగితే తప్ప. క్లాసుల్లో అందరూ చెప్పే ఉత్తరం, పోస్ట్‌మ్యాన్ పోలిక నేను కావాలనే చెప్పట్లేదు, ఎందుకంటే అందులో కవర్ మొదట్నించీ చివరిదాకా ఒకటే ఉంటది, ఇక్కడ ప్రతి మజిలీలో మారిపోతది, ఆ పోలిక తలకెక్కినవాళ్ళకి ఈ ముక్క మింగుడు పడదు.

నాట్ అన్నా కదా, అదీ ఒక్క ముక్కలో. ఐపీవీ4 అంటే 32 బిట్లు, మొత్తం కలిపి దాదాపు 429 కోట్ల అడ్రస్‌లు, ప్రపంచానికి చాలవు. అందుకే 1996లో ఆర్ఎఫ్‌సీ 1918లో 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ప్రైవేట్‌గా ఎవరైనా వాడుకోండి అన్నారు. ఇవి ఇంటర్నెట్ మీద తిరగవు, బయటికెళ్ళేటప్పుడు రౌటర్ వాటిని పబ్లిక్ ఐపీగా మారుస్తది, ఇదే నాట్.

మళ్ళీ మన ప్రశ్నకి వద్దాం, ఎందుకంటే ఆ ప్రశ్నకి కంప్యూటర్ తప్పు జవాబు చెప్పుకుంటే ఏమవుతుందో చూస్తేగానీ మజా ఉండదు. అదే ల్యాప్‌టాప్‌కి ఎవరో చేత్తో ఐపీ పెడుతూ మాస్క్ 255.255.0.0 అని కొట్టేశారు. ఇంటర్నెట్ వస్తోంది, ప్రింటర్ పనిచేస్తోంది, పై ఫ్లోర్‌లో 192.168.2.10 మీదున్న సర్వర్ మాత్రం అందట్లేదు. యూజర్ ఫోన్ చేసి సర్వర్ డౌన్ అంటాడు. నిజానికి సర్వర్ గుండ్రాయిలా బాగానే ఉంది. ఈ ల్యాప్‌టాప్‌కి ఆ మాస్క్ ప్రకారం 192.168 కలిస్తే చాలు, కాబట్టి సర్వర్ కూడా లోపలోడే అనుకుని గేట్‌వేకి ఇవ్వకుండా కేక వేస్తది, ఆ కేక రౌటర్ దాటదు, జవాబు రాదు. 8.8.8.8 ఎలాగూ బయటోడే కాబట్టి ఇంటర్నెట్‌కి ఏ ఇబ్బందీ లేదు. ఇంకో తిరకాసు ఏంటంటే రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్పీ ఆన్‌లో ఉంటే సర్వర్ తరఫున రౌటరే జవాబు చెప్పేస్తది, అప్పుడు తప్పు మాస్క్‌తో కూడా అంతా నడిచిపోతది, ఎవరో రౌటర్ మార్చిన రోజు బయటపడతది. లేయర్ల పేర్లు వరసగా అప్పజెప్పగలిగినోడు ఇక్కడ ఏం చెయ్యలేడు, ఆ ఒక్క ప్రశ్న తెలిసినోడు ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు.

సబ్‌నెటింగ్ అంటే భయం కూడా దీంతోనే పోవాలి. అది వేరే లెక్క కాదు, లోపలా బయటా అనే గీత ఎక్కడ గీశామో కనిపెట్టడమే. 192.168.1.77, స్లాష్ 26 అని ఇచ్చారనుకోండి. స్లాష్ 26 అంటే 32 బిట్లలో మొదటి 26 నెట్‌వర్క్‌వి, కాబట్టి మాస్క్ చివర 192. 256లోంచి 192 తీసేస్తే 64. అంటే 64 చొప్పున ముక్కలు: 0, 64, 128, 192. 77 ఎక్కడ పడింది, 64కీ 128కీ మధ్య. నెట్‌వర్క్ అడ్రస్ 64, బ్రాడ్‌కాస్ట్ 127, మధ్యలో 65 నుంచి 126 దాకా 62 అడ్రస్‌లు మెషిన్లకి ఇవ్వొచ్చు. 192.168.1.130 ఈ ముక్కలో లేదు కాబట్టి రౌటర్ లేకుండా ఈ రెండూ మాట్లాడుకోవు, ఒకే స్విచ్‌కి గుచ్చినా సరే. ముందు బైనరీలో కొన్ని లెక్కలు చేసి ఎందుకు అలా వస్తుందో చూడండి, ఆ తర్వాత ఈ 256 షార్ట్‌కట్ వాడుకోండి, పరీక్ష గదిలో టైమ్ మిగిలేది దీనివల్లే.

ట్రబుల్‌షూటింగ్. నెట్‌వర్క్ ప్లస్ ఎన్10-009 సిలబస్‌లో అన్నిటికన్నా ఎక్కువ వెయిటేజ్ దీనికే, 24 శాతం, ఉద్యోగంలో అయితే దాదాపు అంతా ఇదే. ముందు ఐపీకాన్ఫిగ్ కొట్టి మెషిన్‌కి ఏ ఐపీ ఉందో చూడండి. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ (మెషిన్లకి ఆటోమేటిక్‌గా ఐపీలు పంచే సర్వీస్) నుంచి అడ్రస్ రాలేదని అర్థం, మెషిన్ తనకి తనే పెట్టుకుంది, అప్పుడు బ్రౌజర్‌తో కుస్తీ పట్టడం దండగ, కేబులో, స్విచ్ పోర్టో, వీల్యానో, డీహెచ్‌సీపీ సర్వరో చూడాలి. ఐపీ బాగుంటే గేట్‌వేని పింగ్ చెయ్యండి, వస్తే బయట ఐపీని, అదీ వస్తే పేరుతో. ఐపీతో వచ్చి పేరుతో రాకపోతే డీఎన్ఎస్, ఎన్ఎస్‌లుకప్ కొట్టండి. పింగ్ జవాబుల్ని కూడా సరిగ్గా చదవాలి, ఇది చాలామంది పట్టించుకోరు. విండోస్‌లో మీ సొంత ఐపీ నుంచే డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని వస్తే ప్యాకెట్ అసలు గడప దాటలేదు, మామూలుగా ఏఆర్పీకి జవాబు రాకపోవడం. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే పంపాం గానీ తిరిగి ఏదీ రాలేదు. అవతల ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేసినా ఇదే వస్తది, కాబట్టి పింగ్ రాలేదంటే మెషిన్ చచ్చిపోయిందని తీర్పు ఇచ్చేయకండి. ఈ పింగ్‌ని 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే ఆయన రాశాడు, నెట్‌వర్క్‌లో వచ్చిన ఒక తేడా పట్టుకోడానికి, మనమూ అందుకే వాడుతున్నాం.

బట్టీ అసలే వద్దని కాదు, కొన్ని తప్పవు. ఎస్ఎస్‌హెచ్ 22, డీఎన్ఎస్ 53, డీహెచ్‌సీపీ 67, 68, హెచ్‌టీటీపీ 80, హెచ్‌టీటీపీఎస్ 443, ఆర్డీపీ 3389. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానల్స్ 1, 6, 11. రాగి ఈథర్నెట్ కేబుల్ గరిష్ఠ పొడవు 100 మీటర్లు. కానీ వీటికి కూడా కారణం తగిలిస్తే గుర్తుంటాయి. 100 మెగాబిట్ లింక్‌కి కేబుల్లో రెండు జతల తీగలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, అందుకే గిగాబిట్ రావాల్సిన చోట లింక్ 100 దగ్గర ఆగిపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నీ, క్రింపింగ్‌నీ.

ప్రాక్టీస్‌కి డబ్బులు పెట్టి రౌటర్లు కొనాల్సిన పని లేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తీస్కుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. అందులో సిములేషన్ మోడ్ అని ఉంటది, నా దృష్టిలో ఆ సాఫ్ట్‌వేర్ మొత్తంలో బంగారం అదే. రెండు నెట్‌వర్క్‌లు, మధ్యలో ఒక రౌటర్ పెట్టి, పింగ్ కొట్టి, ఒక్కో అడుగూ నొక్కుతూ ఫ్రేమ్ మీద మ్యాక్‌లు ఎక్కడ మారుతున్నాయో మీ కళ్ళతో చూడండి. తర్వాత కావాలని మాస్క్ చెడగొట్టండి, గేట్‌వే తీసేయండి, ఏది ఎలా ఆగుతుందో చూడండి. ఆ తర్వాత మీ సొంత మెషిన్‌లో వైర్‌షార్క్ పెట్టి ఏఆర్పీ, డీఎన్ఎస్ ఫిల్టర్లు వేసి నిజమైన ట్రాఫిక్ చూడండి, వేరేవాళ్ళ నెట్‌వర్క్‌లో మాత్రం పర్మిషన్ లేకుండా ముట్టుకోవద్దు. వీడియోలు చూడటం తప్పని చెప్పను, కానీ పది గంటల వీడియో చూసి చేత్తో ఒక్క లాబ్ కూడా చెయ్యనోడికి నేర్చుకున్నానన్న భ్రమ తప్ప ఏం మిగలదు.

పరీక్ష సంగతి కొంచెం. నెట్‌వర్క్ ప్లస్‌లో 90 నిమిషాలకి గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 100 నుంచి 900 స్కేల్ మీద 720 రావాలి. మల్టిపుల్ చాయిస్‌తో పాటు చేసి చూపించాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి, అవి టైమ్ తినేస్తాయి, ఇరుక్కుంటే ఫ్లాగ్ పెట్టి ముందుకెళ్ళి చివర్లో తిరిగి రండి. సీసీఎస్‌టీ నెట్‌వర్కింగ్ అయితే 50 నిమిషాల్లో అయిపోతది, పూర్తిగా కొత్తవాళ్ళకి నేను ముందు అదే రాయమంటా. డంప్స్ (బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) జోలికి పోకండి, పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, పట్టుబడకపోయినా ఇంటర్వ్యూలో ఆ మాస్క్ ప్రశ్న అడిగితే దొరికిపోతారు.

చివరిగా ఐపీవీ6 అనగానే కంగారు పడేవాళ్ళకి ఒక మాట. 128 బిట్లు, పొడుగ్గా ఉంటది నిజమే, కానీ ప్రశ్న అదే, లోపలా బయటా. మామూలుగా లాన్‌లో స్లాష్ 64 వాడతారు కాబట్టి గీత సగం దగ్గరే ఉంటది, ఐపీవీ4 కన్నా తేలిక. ఏఆర్పీ లేదు, బ్రాడ్‌కాస్ట్ లేదు, ఆ కేక స్థానంలో నైబర్ డిస్కవరీ మల్టీకాస్ట్ మీద, అంటే అందరికీ కాకుండా ఒక గుంపుకి మాత్రమే పంపే పద్ధతిలో, నడుస్తది. ప్యాకెట్ ట్రేసర్‌లో అదే టోపాలజీకి ఐపీవీ6 అడ్రస్‌లు ఇచ్చి మళ్ళీ ఒకసారి అడుగడుగూ నొక్కి చూడండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. సబ్‌నెట్ లెక్కలైతే మాత్రం నోటితో వద్దు, బోర్డు దగ్గరికి రండి, మార్కర్ ఇస్తా, మీరే చెయ్యాలి.