ఫోనుకి అటూ ఇటూ: యుద్ధం, కుటుంబం, నాటకం

హోస్ట్: నమస్కారం. ఈ వారం నాటకం గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో కొందరు ఒక దేశంలో, కొందరు ఇంకో దేశంలో ఉండగా మధ్యలో యుద్ధం వచ్చి పడితే ఆ కుటుంబం ఎలా నిలబడుతుంది, దాన్ని స్టేజీ మీద చూపించడం ఎలా అన్నది ఇవాళ్టి విషయం. విశాఖపట్నంలో చాలా ఏళ్ళుగా నాటకాలు వేయిస్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, నమస్కారం.

దర్శకురాలు: నమస్కారం తమ్ముడూ. వింటున్న అందరికీ నమస్కారం.

హోస్ట్: నేరుగా అడిగేస్తాను. అమెరికాలో అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఒక నాటకం చూసొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ మీ రిహార్సల్స్ పద్ధతే మారిపోయిందని మీ కుర్రాళ్ళు చెప్తున్నారు. ఏంటా నాటకం?

దర్శకురాలు: 'కౌంటింగ్ అండ్ క్రాకింగ్'. రాసినాయన ఎస్. శక్తిధరన్. శ్రీలంక తమిళ కుటుంబంలో పుట్టి సిడ్నీలో పెరిగాడు. 2019 జనవరిలో సిడ్నీ టౌన్ హాల్లో మొదటిసారి ఆడారు, దర్శకుడు ఈమన్ ఫ్లాక్. నేను 2024 సెప్టెంబరులో న్యూయార్క్‌లో చూశాను. మూడున్నర గంటల నాటకం. తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన ఊళ్ళదాన్ని, నాకదేమీ ఎక్కువ కాదు. మా అమ్మాయికి అలవాటు లేదు కదా, మొదట్లో టైము చూసుకుంటూనే ఉంది. రెండో విరామంలో మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

హోస్ట్: కథ కొంచెం చెప్పండి అక్కా.

దర్శకురాలు: రాధ అని ఒకామె. కొడుకు సిద్ధార్థ. సిడ్నీలో నది ఒడ్డున రాధ తన తల్లి అస్థికలు కలుపుతుంది. లంకతో మిగిలిన ఆఖరి బంధం అదే, ఇక అదీ అయిపోయింది అనుకుంటారు ఇద్దరూ. అంతలో కొలంబో నుంచి ఫోను. 1983లో పోయాడనుకున్న ఆమె భర్త బతికే ఉన్నాడని. కథ నడిచేది 2004లో. అంటే అన్నేళ్ళూ ఆయన జైల్లోనే ఉన్నాడు. ఈవిడ కడుపులో బిడ్డతో పారిపోయి వచ్చింది, ఆ బిడ్డే సిద్ధార్థ. అక్కణ్ణించి కథ 1956 దాకా వెనక్కి వెళ్తుంది, నాలుగు తరాలు.

హోస్ట్: 1983 అంటే మన శ్రోతల్లో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు.

దర్శకురాలు: జూలై 23న జాఫ్నాలో తమిళ పులులు, అంటే తమిళుల సాయుధ దళం ఎల్‌టీటీఈ, దాడి చేసి 13 మంది సైనికుల్ని చంపారు. మర్నాటి నుంచి కొలంబోలో సింహళ గుంపులు తమిళుల ఇళ్ళ మీద, దుకాణాల మీద పడ్డాయి. ఓటర్ల జాబితాలు చేత్తో పట్టుకుని, ఏ ఇల్లు ఎవరిదో చూసుకుంటూ వెళ్ళి తగలబెట్టారు. వెలికడ జైల్లో రెండు విడతలుగా 53 మంది తమిళ ఖైదీల్ని చంపేశారు. ఆ దెబ్బతో కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, మన తమిళనాడు... ఎటు దారి దొరికితే అటు పోయారు జనం. ప్రభుత్వానికీ పులులకీ మధ్య యుద్ధం 2009 మే దాకా ఆగలేదు. ఆలోచించు, పాతికేళ్ళ పాటు ఒక జాతి మొత్తం ఫోను మోగితే ఉలిక్కిపడుతూ బతికింది.

హోస్ట్: ఫోను దగ్గరే మీకు నాటకం పట్టుబడిందన్నారు.

దర్శకురాలు: అవును, ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే. మామూలుగా నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు మీ అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే నీకు వినపడేది అమ్మ మాటలే. అవతలివాళ్ళేమంటున్నారో ఊహించుకోవడమే. దేశాంతరంలో ఉన్న కుటుంబాల్లో పిల్లలు అలా సగం మాటలు వింటూ పెరుగుతారు. నాటకంలో ఒకే నేల మీద ఈ పక్క సిడ్నీ ఉంటుంది, నాలుగడుగుల అవతల కొలంబో ఉంటుంది. ఇద్దరూ మనకి కనిపిస్తారు. ఒకరికొకరు కనిపించరు. యుద్ధం మధ్యలో ఉన్నవాడు "ఇక్కడ ఏం ఫర్లేదు, మీరెలా ఉన్నారు" అంటాడు. వాడి వెనక ఏముందో మనకి తెలుసు. దూరంగా ఉన్న మనిషి "మేం బాగున్నాం" అంటుంది, రాత్రి నుంచి ఆమె ముద్ద ముట్టలేదని కూడా మనకి తెలుసు. ఇద్దరూ ప్రేమతోనే అబద్ధం చెప్తారు. ఆ రెండు అబద్ధాలూ ఒకేసారి చూడగలిగేది ప్రేక్షకుడొక్కడే.

హోస్ట్: సినిమాలో కూడా తెరని రెండు ముక్కలు చేసి చూపిస్తారుగా?

దర్శకురాలు: చూపిస్తారు. కానీ అక్కడ ఎవర్ని ఎప్పుడు చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. నాటకంలో నీ తల నువ్వే తిప్పుకోవాలి. ఒకరిని చూస్తుంటే రెండోవాళ్ళ ముఖం తప్పిపోతుంది. విదేశంలో ఉన్నవాడి బతుకు అచ్చంగా అదే కదా. ఎటు చూసినా రెండోవైపు ఏదో తప్పిపోతూనే ఉంటుంది.

హోస్ట్: మీ కుర్రాళ్ళు చెప్పిన ఆ చీటీల ఆట ఇక్కణ్ణించే వచ్చిందా?

దర్శకురాలు: అదే. రెండు కుర్చీలు వీపులానించి వేస్తాను. ఇద్దరు నటులకీ చెరో చీటీ ఇస్తాను. అందులో ఫోన్లో చెప్పకూడని సంగతి ఒకటి ఉంటుంది. కొడుకు చీటీలో "నువ్వు బంకర్లో ఉన్నావు, ఫోన్లో చార్జింగ్ అయిపోతోంది". తల్లి చీటీలో "నాన్నని నిన్న ఆస్పత్రిలో చేర్పించాం". ఇక మాట్లాడుకోండి. ఏం జరుగుతుందో తెలుసా? ఎంత తెలివైన నటులైనా రెండు నిమిషాల్లో తిండి మీదికి వచ్చేస్తారు. "తిన్నావా?" "తిన్నాను. నువ్వు తిన్నావా?" "ఏం కూర?" మా అమ్మాయొకతి, తల్లి వేషం వేసింది, కొడుకుని చారు ఎలా పెట్టుకోవాలో అడిగి అడిగి చెప్పింది. పొయ్యే లేని చోట ఉన్నాడు వాడు. అయినా "ఇంగువ వేశాను అమ్మా" అన్నాడు. హాల్లో ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

హోస్ట్: బంకర్ అంటే... ఉక్రెయిన్.

దర్శకురాలు: ఉక్రెయినే. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైతే అక్కడ వైద్యం చదువుతున్న మన పిల్లలు ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో, హాస్టళ్ళ కింద నేలమాళిగల్లో కూర్చుని ఇళ్ళకి ఫోన్లు చేశారు. విమానాలు ఆగిపోయాయి. పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులకి చేరుకుంటే అక్కణ్ణించి తీసుకొచ్చారు. కొందరు కిలోమీటర్ల కొద్దీ మంచులో నడిచారు. ఆ పిల్లల్లో ఒకబ్బాయి మా రిహార్సల్‌కి వచ్చి ఈ ఆట చూసి, "మేం మాట్లాడింది కూడా ఇదే మేడమ్" అన్నాడు.

హోస్ట్: మా కడప వైపు కువైట్ కథలు ఇలాగే ఉంటాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ నుంచి వారాల తరబడి కబురు లేదంట. జోర్డాన్‌లో అమ్మాన్ నుంచి విమానాల్లో లక్షన్నరకి పైగా భారతీయుల్ని తెచ్చారు కదా.

దర్శకురాలు: నువ్వు రాయాలి అది. నిజంగా అంటున్నాను. తల్లి కువైట్‌లో ఎవరి పిల్లల్నో సాకుతుంటే రాజంపేటలో, రాయచోటిలో అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలున్నారు. వాళ్ళకిప్పుడు నలభై దాటాయి. ఆ నెలల్లో వాళ్ళకి ఎవరు ఏం చెప్పి నిద్రపుచ్చారో అడిగి రాసుకో.

హోస్ట్: తప్పకుండా. అక్కా, శక్తిధరన్ తన ఇంట్లోవాళ్ళ కథే రాశారా?

దర్శకురాలు: ఇంటి నుంచే తీసుకున్నాడు. ఆయన ముత్తాత సుందరలింగం గణితం ప్రొఫెసరు, 1947లో సిలోన్ తొలి మంత్రివర్గంలో వాణిజ్య మంత్రి. తల్లి ఆనందవల్లి భరతనాట్య గురువు. ఆవిడ కొడుకుతో లంక గురించి మాట్లాడేది కాదు. అలా మాట్లాడని ఇంట్లో పెరిగినవాడు ఏళ్ళ తరబడి ఊరూరా మనుషుల్ని కలిసి, వాళ్ళ చేత చెప్పించి, దాన్ని నాటకం చేశాడు. నాకు నచ్చింది ఏంటంటే, తల్లిని దోషిగా నిలబెట్టలేదు. రాధ నోరు మెదపకపోవడం వల్లే సిద్ధార్థ క్షేమంగా పెరిగాడు. అదే అతన్ని సగం మనిషిని కూడా చేసింది. రెండూ నిజమని ఒప్పుకునే నాటకం అది.

హోస్ట్: ఇప్పుడు మీ నాటకం సంగతికొద్దాం. బర్మా.

దర్శకురాలు: మా వైపు రంగూన్ అనరు, రంగం అంటారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి... ఈ తీరమంతా రంగం వెళ్ళిన ఇళ్ళే. కోరంగి రేవు నుంచి మొదలైన ప్రయాణం కాబట్టి అక్కడ మనవాళ్ళకి కోరంగీలని పేరు పడింది. ఓడరేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అక్కడ బర్మా వాళ్ళకీ పని కావాలి కదా. 1930 మేలో ఓడరేవు సమ్మె దగ్గర రాజుకున్న గొడవలో మన కూలీల్ని ఊచకోత కోశారు. అయినా మళ్ళీ వెళ్ళారు. ఇక్కడ భూమి లేదు, ఏం చేస్తారు?

హోస్ట్: ఫోన్లు లేవు. మరి మీ స్టేజీ మీద అటూ ఇటూ ఎలా కలుస్తాయి?

దర్శకురాలు: ఉత్తరం. కానీ ఆ ఉత్తరం ఎలాంటిదో తెలియాలి. రాసేవాడికి చదువు రాదు. రంగంలో ఎవరో అక్షరం ముక్క వచ్చినవాడికి చెప్పి రాయిస్తాడు. ఓడలో వస్తుంది. ఇక్కడ భార్యకీ చదువు రాదు. పంతులుగారో పోస్టుమేనో అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాడు. అత్త, మామ, ఆడపడుచు, పక్కింటివాళ్ళు, అందరూ వింటారు. ఆమె తలుపు వెనక నిలబడి వింటుంది. మొగుడూ పెళ్ళాల మధ్య నడిచే ఉత్తరాన్ని ఇద్దరు బయటివాళ్ళు మోస్తున్నారు. "ఉభయకుశలోపరి, ఇక్కడ అందరం క్షేమం, డబ్బు పంపుతున్నాను, గేదె ఈనిందా?" ఇంతే. నేను బర్మా క్యాంపులో ముసలమ్మల దగ్గర కూర్చుని విన్నప్పుడు, ఆ గేదె ఈనిందా అన్న ప్రశ్నలో ఆడవాళ్ళు ఏమేం వినేవాళ్ళో చెప్పారు. అది నా మొదటి అంకం.

హోస్ట్: బర్మా క్యాంపు అంటే కంచరపాలెం దగ్గర.

దర్శకురాలు: ఆఁ. వాళ్ళు చాలామంది అరవైల్లో ఓడల్లో వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసేసరికి కట్టుబట్టలతో వచ్చారు. నా నాటకం అంతకన్నా ముందుది, 1942ది.

హోస్ట్: కాలినడక.

దర్శకురాలు: 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మొదటి దెబ్బ తిన్నవాళ్ళలో రేవులో పనిచేసే మనవాళ్ళున్నారు. మార్చి 8కి నగరం జపాన్ చేతికి పోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే. మిగతావాళ్ళు నడిచారు. ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి తౌంగప్ చేరి, అక్కణ్ణించి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ వైపు కొందరు. తము మీదుగా మణిపూర్‌లోకి కొందరు. మొత్తం నాలుగు లక్షలకి పైగా అంటారు. కలరా, మలేరియా, ఆకలి. వేలమంది దారిలోనే పోయారు. సరే, ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. నన్ను పట్టుకున్నది ఇంకో తేదీ. 1942 ఏప్రిల్ 6. ఆ రోజు విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి.

హోస్ట్: అంటే ఉత్తరం రాయించిన ఆ భర్త కొండల్లో ఇంటికి నడుస్తూ ఉండగా...

దర్శకురాలు: ఇంటి మీదే బాంబు. పట్నం ఖాళీ చేసి జనం పల్లెలకి పోతున్నారు. స్టేజీకి ఎడమ పక్కన ఆయన, ఆమె క్షేమంగా ఉందనుకుని నడుస్తున్నాడు. కుడి పక్కన ఆమె, ఆయన వస్తే ఇల్లు ఎలా కనుక్కుంటాడని మూట కట్టుకోకుండా కూర్చుంది. ఇద్దరి మధ్యా ఉత్తరం లేదు, అరుగు మీద పంతులు లేడు. సిడ్నీ నాటకంలో ఫోన్ చేసిన పని ఇక్కడ చెయ్యడానికి ఏదీ లేదు. అందుకే రెండో అంకంలో వాళ్ళ చేత అసలు మాట్లాడించడం లేదు. ఇద్దరూ పనులు చేస్తుంటారు. అతను కాలికి గుడ్డ కట్టుకుంటాడు, ఆమె బియ్యం చెరుగుతుంది. పదకొండు నిమిషాలు. మా లైటింగ్ కుర్రాడు జనం లేచి పోతారని భయపడుతున్నాడు. పోరు. ఆ ఇద్దర్నీ ఒకేసారి చూస్తున్నది తామేనని వాళ్ళకి అర్థమైతే ఎక్కడికీ పోరు.

హోస్ట్: మూడో అంకం గురించి మీ బృందంలో గొడవ జరుగుతోందట.

దర్శకురాలు: (నవ్వు) జరుగుతోంది. సగం మంది ఆయన రాకూడదంటారు, గట్టిగా తగులుతుందని. మిగతావాళ్ళు వచ్చి ఆమెని కౌగిలించుకోవాలంటారు. నేను రెండిటికీ ఒప్పుకోవడం లేదు. వస్తాడు. రంగంలో ఆయనకి ఇంకో ఇల్లుంది, బర్మా ఆవిడ, ఒక కూతురు. అలాంటి కాపురాలు చాలానే ఉండేవి. కొండలు దాటలేరని వాళ్ళని అక్కడే వదిలి వచ్చాడు. ఇక్కడ భార్య కాళ్ళకి నీళ్ళిస్తుంది, అన్నం పెడుతుంది. ఆయన తినడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసినామె ఎదురుగా కూర్చుంటే, ఇప్పుడు ఎదురుచూడ్డం ఆయన వంతు. స్టేజీ మీద ఎడమ పక్క ఖాళీ అవ్వదు. ఆ బర్మా ఆవిడ వచ్చి నిలబడుతుంది.

హోస్ట్: ఊళ్ళో భార్యకి ఆ సంగతి తెలుస్తుందా?

దర్శకురాలు: తెలుస్తుంది. అడుగుతుంది కూడా. "పిల్ల పేరేటి?" అని. పాత్ర వేస్తున్న అమ్మాయి ఆ మాట కోపంగా అనాలా, మామూలుగా అనాలా అని రోజూ వాదిస్తోంది. మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. వచ్చే వారం బర్మా క్యాంపులో పెద్దాళ్ళ ముందు ఆ సీను రెండు రకాలుగానూ వేసి చూపిస్తాం. ఎలా అడగాలో వాళ్ళే చెప్పాలి.