చిన్న ఇంజన్‌లో పవర్ ఎక్కడ దొరుకుతుంది

అందరికీ నమస్కారం. నన్ను బైకుల వాళ్ళు ఎవరు కలిసినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అన్నా, బండికి ఏం పెడితే పవర్ పెరుగుతుంది?" అని. సైలెన్సరా, ఫిల్టరా, ప్లగ్గా, పెద్ద జెట్టా. ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకే ఇవాళ ఇక్కడికి వచ్చాను, ఎందుకంటే వంద సీసీ ఇంజన్‌లో పవర్ ఎక్కడ పుడుతుందో ఒక్కసారి బుర్రకెక్కితే ఏం పెట్టాలి ఏం పెట్టకూడదు అన్నది మీకే తెలిసిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క. పవర్ అంటే టార్క్ ఇంటు ఆర్పీఎం. టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం, ఆర్పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. న్యూటన్ మీటర్లలో ఉన్న టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, హార్స్ పవర్ కావాలంటే ఆ వచ్చినదాన్ని 0.746తో భాగించండి, అంతే. ఇప్పుడు 50 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, ఉన్న ఇంజన్ తీసుకోండి, ఎన్నో బళ్ళలో తిరిగిన కొలత ఇది, 97.2 సీసీ అవుతుంది. అది 8000 ఆర్పీఎం దగ్గర 7 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకుంటే సుమారు 7.9 హార్స్ పవర్. మనకి 10 కావాలి. 8000 దగ్గరే 10 రావాలంటే టార్క్ 8.9కి ఎక్కాలి, గాలిని తనంతట తానే పీల్చుకునే రెండు వాల్వుల చిన్న ఇంజన్‌లో అంత పై ఆర్పీఎంలో అంత టార్క్ తేవడం మామూలు విషయం కాదు. అదే టార్క్‌ని 7.5కి మాత్రమే తెచ్చి దాన్ని 9500 దాకా పడిపోకుండా నిలబెట్టగలిగితే? 10 వచ్చేస్తుంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. సీసీ పెంచనంత వరకు చిన్న ఇంజన్‌లో టార్క్ పెద్దగా పెరగదు, మనం చేసే పనల్లా ఆ టార్క్ పై ఆర్పీఎంలో చచ్చిపోకుండా చూడటమే. కేమ్ (వాల్వులు తెరిచే ఇరుసు) మార్చినా పోర్టు (హెడ్‌లో గాలి పోయే దారి) గీకినా సైలెన్సర్ మార్చినా అన్నీ దీనికోసమే, మరి పైన నిలబెట్టినదానికి కింద ఎంతో కొంత వదులుకోవాల్సి వస్తుంది, ట్రాఫిక్‌లో మూడో గేర్లో మెల్లగా లాగే గుణం తగ్గుతుంది. రోజూ ఆ ట్రాఫిక్‌లోనే తిరిగే బండైతే ఈ బేరం మీకు గిట్టుతుందా లేదా అన్నది ముందే ఆలోచించుకోండి.

ఇంకో మాట. ట్యూనింగ్‌కి తెచ్చే బళ్ళలో సగానికి పైగా కంపెనీ ఇచ్చిన పవరే సరిగ్గా ఇవ్వనివి. ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వు మీద ఉండాల్సిన చిన్న సందు, లేక వాల్వు పూర్తిగా మూసుకోదు, రింగులు అరిగి కంప్రెషన్ కిందికి జారిపోతూ ఉంటుంది, క్లచ్ ప్లేట్లు జారుతుంటాయి, వెనక బ్రేకు డ్రమ్ముకి ఒరుసుకుంటూ ఉంటుంది. చిల్లు కుండలో ఎన్ని నీళ్ళు పోస్తే ఏం లాభం? కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి పెట్టి మరీ చూడాలి, లేకపోతే రీడింగ్ తక్కువ చూపిస్తుంది. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ పోసి మళ్ళీ చూసినప్పుడు రీడింగ్ బాగా పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే అనుమానం వాల్వుల మీదకి పోవాలి. ఇవన్నీ సరిచేస్తేనే చాలామందికి కావాల్సిన పికప్ తిరిగొచ్చేస్తుంది, వాళ్ళని నేను అక్కడితో ఆపేసి పంపించేస్తాను.

సరే, బండి ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు గాలి సంగతి చూద్దాం.

8000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి కిందికి రావడానికి పట్టే టైము 3.75 మిల్లీసెకన్లు. అంటే సెకనులో 267వ వంతు అన్నమాట, ఆ కాస్త టైములో ఫిల్టర్ దాటి, కార్బొరేటర్ దాటి, పోర్టు మలుపు తిరిగి, వాల్వు అంచు పక్కనుంచి దూరి 97 సీసీల ఖాళీ నిండాలి. నిండదు, ఎంతో కొంత వెలితి ఉంటూనే ఉంటుంది, ఆర్పీఎం పెరిగేకొద్దీ ఆ వెలితీ పెరుగుతుంది, పైన టార్క్ పడిపోవడానికి అసలు కారణం అదే. అందుకని ఎక్కడ ఇరుకుంటే అక్కడ పని చేయాలి. పోర్టు అంటే అందరూ అద్దంలా మెరిపించెయ్యాలనుకుంటారు, రోటరీ టూల్ పట్టుకుని గంటలు గంటలు పాలిష్ చేస్తారు, దానివల్ల వచ్చేది చాలా తక్కువ. అసలు లాభం వాల్వు సీటుకి పైన కిందా ఉన్న ఆ కొద్ది మిల్లీమీటర్లలో ఉంటుంది. సీటు రింగుకీ అల్యూమినియానికీ మధ్య ఫ్యాక్టరీలో మిగిలిపోయిన చిన్న మెట్టు ఉంటుంది, చిటికెన వేలు పోనిచ్చి తడిమి చూడండి, గోరుకి తగులుతుంది. ఆ మెట్టు తీసేసి, సీటుని 45 డిగ్రీల ముఖానికి అటూ ఇటూ రెండు కోణాలతో కోయిస్తే గాలి తేలిగ్గా మళ్ళుతుంది. పోర్టుని మాత్రం పెద్దది చెయ్యొద్దు, బాబూ. పోర్టు పెద్దదైతే గాలి వేగం పడిపోతుంది, వేగం పడితే కింద ఆర్పీఎంలో సిలిండర్ సరిగ్గా నిండదు, పైగా తీసిన లోహం మళ్ళీ అంటించలేం.

కేమ్ విషయం కూడా ఇలాంటిదే. ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ కిందికి వచ్చాక కూడా కాసేపు తెరిచే ఉంటుంది, పిస్టన్ మళ్ళీ పైకి లేస్తున్నా గాలి తన ఊపులో ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి. ఆర్పీఎం ఎక్కువైతే ఊపు ఎక్కువ, ఇంకా ఆలస్యంగా మూసినా ఫర్వాలేదు. తక్కువ ఆర్పీఎంలో ఆ ఊపు ఉండదు, ఆలస్యంగా మూస్తే వచ్చిన గాలే వెనక్కి కార్బొరేటర్లోకి తన్నేస్తుంది. రేసు కేమ్ వేసిన బండి ఐడిలింగ్‌లో గుటకలు మింగినట్టు కొట్టుకునేది అందుకే.

ఇక ఎగ్జాస్ట్. చప్పుడు పెరిగితే పవర్ పెరిగిందనుకోవడం చెవులు చేసే మోసం. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే ఒక ఒత్తిడి అల పైపులో బయలుదేరుతుంది, వేడి పొగలో అది సెకనుకి 500 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది, పైపు ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి చేరగానే లాగే అలగా మారి వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కాస్త తెరిచి ఉన్న టైముకి అది తిరిగొస్తే మిగిలిన పొగని బయటికి లాగి కొత్త గాలికి దారిస్తుంది. అర మీటరు పైపు అనుకుందాం, పోను రాను ఒక మీటరు, 2 మిల్లీసెకన్లు. 9000 ఆర్పీఎం దగ్గర ఆ 2 మిల్లీసెకన్లలో క్రాంకు 108 డిగ్రీలు తిరుగుతుంది, 5000 దగ్గర 60 డిగ్రీలే. పైపు ఒకటే, అల ఒకటే, ఒక ఆర్పీఎంలో సాయం చేసేది ఇంకో ఆర్పీఎంలో అడ్డం వస్తుంది. టూ స్ట్రోక్‌లో అయితే ఈ అలలే సర్వస్వం. తూర్పు జర్మనీలో ఎమ్‌జెడ్ కంపెనీ ఇంజనీర్ వాల్టర్ కాడెన్ ఈ అలల్ని పట్టుకునే 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్ పవర్ తీశాడు, అంటే లీటరుకి 200, టర్బో ఏమీ లేకుండా. అదే ఏడు ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం దాటి సుజుకీలో చేరాడు, మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీ మీద గెలిచాడు. ఆ అలల కోసం మలిచిన ఒక ఎగ్జాస్ట్ డబ్బా ఆకారం వెనక ఇంత కథ ఉంది.

గాలి పెరిగిందంటే పెట్రోల్ కూడా పెరగాలి. ఇక్కడే నేను ఒక ఇంజన్ పోగొట్టుకున్నాను. మొదట్లో ఫిల్టర్ బాక్సు మూత తీసేశాను, సైలెన్సర్ మార్చాను, కార్బొరేటర్‌లో పెట్రోల్ కొలిచి పంపే మెయిన్ జెట్ ముట్టుకోలేదు. బండి అద్భుతంగా పరిగెత్తింది, ఒక్క మాట కూడా అబద్ధం కాదు, చెయ్యి తిప్పితే చురుగ్గా లేచేది. ఒక రోజు పొడుగు రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో చాలాసేపు పట్టుకుని పోతుంటే మెల్లగా పవర్ తగ్గడం మొదలైంది, ఎదురుగాలేమో అనుకుని ఇంకా తిప్పాను, తర్వాత ఇంజన్ బ్రీదర్ పైపులోంచి పొగ. హెడ్ విప్పితే పిస్టన్ నెత్తి మీద చిటికెన వేలు దూరేంత చిల్లు, ప్లగ్గు పింగాణీ మీద మెరిసే సన్నటి అల్యూమినియం చుక్కలు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, లోపల మండే గ్యాసు 2000 డిగ్రీలు దాటుతుంది, వచ్చిన వేడిని వచ్చినట్టు రింగులూ సిలిండరూ లాగేస్తుంటేనే పిస్టన్ బతుకుతుంది. మిశ్రమం లీన్ అయ్యి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేక, దానికి తోడు నాకింగ్, అంటే మిశ్రమం దానంతటదే పేలడం, మొదలైతే ఆ లెక్క తప్పుతుంది. ఆ పిస్టన్ ఇవాళ తెచ్చాను, ఈ బల్ల మీదే ఉంది, వెళ్ళేముందు చేతిలోకి తీసుకుని చూడండి.

గుర్తు పెట్టుకోవాల్సిన అంకెలు ఇవి. పెట్రోల్ పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి, బరువులో. ఫుల్ పవర్ మాత్రం 12.5 నుంచి 13 మధ్య వస్తుంది, అంటే కొంచెం రిచ్‌గా, పెట్రోల్ కాస్త ఎక్కువగా. కార్బొరేటర్‌లో థ్రాటిల్ మూసి ఉన్నప్పుడూ కొద్దిగా తెరిచినప్పుడూ పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అక్కణ్ణించి పైకి మెయిన్ జెట్. ఎక్కడ తడబడుతోందో థ్రాటిల్ మీద చాక్‌పీస్‌తో గీతలు పెట్టుకుని చూస్తే ఏది మార్చాలో తెలిసిపోతుంది. మెయిన్ జెట్ ఎప్పుడూ పెద్దదానితో మొదలుపెట్టి ఒక్కో సైజు దిగుతూ రండి, చిన్నదానితో మొదలుపెట్టి ఎక్కొద్దు. ఇంజెక్షన్ బళ్ళకైతే ఫ్యూయల్ మ్యాప్ మార్చాలి, ఆక్సిజన్ సెన్సర్ అన్నీ చూసుకుంటుందిలే అనుకోవద్దు, మామూలు బళ్ళలో ఫుల్ థ్రాటిల్ దగ్గర ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, దాని మాట వినదు.

కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్నది, పెంచడం మీద చాలా ఆశలు పెట్టుకుంటారు. 9 నుంచి 10కి తీసుకెళితే పుస్తకం లెక్క ప్రకారం వచ్చే లాభం 3 శాతం, అంతే. అయినా చేస్తాం, ఎందుకంటే పెద్ద కేమ్ వేసినప్పుడు కింద పోయిన బలం కొంత దీనితో తిరిగొస్తుంది. మన 97 సీసీ ఇంజన్‌లో పైన మిగిలే ఖాళీ 9 నిష్పత్తికి 12.15 సీసీ, 10కి 10.8 సీసీ. తేడా 1.35 సీసీ, బోరు మొత్తం వెడల్పులో అది 0.69 మిల్లీమీటర్లు. గోరు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకే లేత్ మీద "ఒక నూలు తీసెయ్యండి" అని చెప్పే పని కాదు ఇది. పైగా హెడ్ కిందికి దిగితే కేమ్ టైమింగ్ కాస్త వెనక్కి పోతుంది, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం తగ్గుతుంది. కంప్రెషన్ పెరిగాక ఎత్తు మీద టాప్ గేర్లో గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు కిటకిట వినిపిస్తే అది నాకింగ్, వెంటనే థ్రాటిల్ వదిలెయ్యాలి, తర్వాత ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, వెనక్కి జరపాలి లేదా ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ వాడాలి.

ఆర్పీఎం పెంచితే దేని ప్రాణం మీదకి వస్తుంది? పిస్టన్, కనెక్టింగ్ రాడ్, వాల్వు స్ప్రింగులు. పిస్టన్‌ని ఆపి మళ్ళీ వెనక్కి తిప్పే బలం ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది, 8000 నుంచి 9500కి వెళితే 41 శాతం ఎక్కువ. మన ఇంజన్ 8000 దగ్గర సగటు పిస్టన్ వేగం సెకనుకి 13.2 మీటర్లు, 11,000 దగ్గర 18 దాటుతుంది. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరించే సంగతి ఒకటుంది, 1966లో హోండా ఆర్‌సీ116 అనే 50 సీసీ రేసు బండి, రెండు సిలిండర్లు, ఒక్కోటి 25 సీసీ, ఒక్కోదానికి నాలుగు వాల్వులు, తిరిగేది 21,500 ఆర్పీఎం. అయినా స్ట్రోకు 25 మిల్లీమీటర్లే కాబట్టి దాని పిస్టన్ వేగమూ సెకనుకి 18 మీటర్ల దగ్గరే ఉండేది! అంటే మన మామూలు బండిని 11,000 తిప్పినప్పుడు దాని పిస్టన్‌ని ఆ రేసు బండి పిస్టన్ పడ్డ వేగంలోకే తోస్తున్నాం, కానీ మన దాంట్లో ఉన్నది రోజువారీ పనికి చేసిన పిస్టన్. ఆర్పీఎం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తీసేసే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

టాప్ స్పీడ్ కోసమే ఇదంతా అనుకునేవాళ్ళకి ఒక మాట. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 80లో పోయే బండి 90లో పోవాలంటే ఆ గాలి కోసం ఖర్చయ్యే పవర్ 42 శాతం పెరగాలి. పది శాతం పవర్ పెంచితే వేగం మూడు శాతమే. అదే ముందు స్ప్రాకెట్ 14 పళ్ళది తీసి 13 పళ్ళది వేస్తే చక్రం దగ్గర లాగుడు 7.7 శాతం పెరుగుతుంది, ఇంజన్ విప్పకుండానే, కాకపోతే అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, టాప్ స్పీడ్ తగ్గొచ్చు. పికప్ కావాలని వచ్చేవాళ్ళకి నేను మొదట చెప్పేది స్ప్రాకెట్టే. రోడ్డు మీద తిప్పే బండైతే ఎగ్జాస్ట్ చప్పుడుకీ పొగకీ మీ దగ్గర ఏ రూల్ ఉందో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఏది మార్చినా ఒక్కటే మార్చండి, మార్చాక కొలవండి. పవర్ కొలిచే డైనో యంత్రం లేకపోతే ఖాళీగా ఉన్న, మూసిన రోడ్డు మీద మూడో గేర్లో 40 నుంచి 60కి ఎన్ని సెకన్లు పడుతోందో స్టాప్‌వాచ్‌తో, రెండు దిక్కులా, ఒకే మనిషి బరువుతో, ఐదేసి సార్లు చూసి సగటు రాసుకోండి. పొద్దున చల్లగాలికి ఒకలా మధ్యాహ్నం వేడికి ఒకలా వస్తుంది కాబట్టి టైము కూడా రాయండి.

ఇప్పుడు అందరూ కాస్త ముందుకి రండి, ఈ హెడ్ విప్పి పెట్టాను. స్క్విష్ కొలుద్దాం, అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య ఎంత సందు మిగులుతుందో చూద్దాం. ఇది 1.5 మిల్లీమీటర్ల సోల్డర్ తీగ. పిస్టన్ మీద అడ్డంగా, గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) ఉన్న దిక్కుకే వరసగా పెడుతున్నాను, ఎందుకంటే అటు పిస్టన్ ఊగదు, ఇటు పెడితే ఊగి తప్పు కొలత వస్తుంది. హెడ్ బిగించి క్రాంకుని చేత్తో మెల్లగా ఒక్క చుట్టు తిప్పి తీగ బయటికి తీస్తే చివర్లు నలిగి ఉంటాయి, ఆ నలిగిన చోట వెర్నియర్ పెట్టి చూడాలి. ఒక మిల్లీమీటర్ దగ్గర వస్తే బాగుంది, తీగ అసలు నలగలేదంటే సందు ఒకటిన్నర కంటే తక్కువ లేదన్నమాట, మనకి పని ఉంది. తీగ ఎవరు పట్టుకుంటారు?