ఆ స్పీడు మీది కాదు, అద్దెది

(విజయనగరం స్టూడియో నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. అంశం: ఈమధ్య ఏం చదివారు, ఎలా చదువుతున్నారు? శ్రోతలకు సమాధానాలు ఇస్తున్నవారు ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్.)

యాంకర్: హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: చీపురుపల్లి నుంచండీ. మేడమ్ గారూ, నమస్కారం. నాకు అరవై దాటాయి. కుర్రతనంలో నవల పట్టుకుంటే రాత్రికి రాత్రి అవగొట్టేవాణ్ణి. ఇప్పుడు ఏటోనండి, పది పేజీలు తిరగట్లేదు. మొన్న విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళి సంచీ నిండా కొనుక్కొచ్చాను. అన్నీ అలాగే ఉన్నాయి.

మేడమ్: అప్పట్లో ఆ నవలలు కొనేవారా?

శ్రోత: కొనడానికి డబ్బులెక్కడివమ్మా! బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకింత అని తీసుకునేవాడు.

మేడమ్: అదీ సంగతి. రెండో రోజుకి మళ్ళీ అద్దె పడుతుందని రాత్రంతా కూర్చుని చదివేవారు. ఆ స్పీడు మీది కాదు బాబూ, అద్దెది. ఇప్పుడు పుస్తకం మీ సొంతం, ఎవరూ తిరిగి అడగరు. మీరు కొనడం ఆపి జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఫలానా తేదీలోగా ఇచ్చెయ్యాలని కార్డు మీద పడిందంటే చేతులు వాటంతటవే పేజీలు తిప్పుతాయి. సరే గానీ, కళ్ళజోడు ఎప్పుడు మార్చారు?

శ్రోత: ఆఁ... చాలా ఏళ్ళయింది.

మేడమ్: నలభై దాటాక కంట్లో లెన్సు గట్టిపడుతూ వస్తుంది, దగ్గరి అక్షరం ఆనదు. దాన్నే చత్వారం అంటాం. అరవై వరకూ పవర్ మారుతూనే ఉంటుంది. మనకేమో పుస్తకం బోరు కొట్టినట్టు అనిపిస్తుంది. ముందు కళ్ళ డాక్టరుకి చూపించుకోండి, ఆ సంచీ తర్వాత విప్పుదురు గాని.

యాంకర్: తర్వాతి కాలర్. రాజాం నుంచి.

శ్రోత: అమ్మా, నాది సమస్య కాదు, సందేహం. ఇంటర్‌లో చదివిన చాసో గారి, అదే చాగంటి సోమయాజులు గారి ‘వాయులీనం’ కథ ఈమధ్య మళ్ళీ చదివాను. ఇది ఆ కథేనా అనిపించింది. అప్పుడు నాకేమీ అర్థం కాలేదంటారా?

మేడమ్: అప్పుడేం గుర్తుండిపోయింది మీకు?

శ్రోత: పెళ్ళాం జబ్బు పడితే వైద్యానికి ఫిడేలు అమ్ముతాడు కదండీ. ఆ మొగుడెంత మంచివాడో అనుకున్నాను. ఆఖర్న చీర కూడా తెస్తాడు.

మేడమ్: మరి ఇప్పుడు?

శ్రోత: ఆ ఫిడేలు ఆవిడదని ఇప్పుడు పట్టింది. పెళ్ళయ్యాక నేనూ కుట్టు మిషను మూల పెట్టేశాను లెండి.

మేడమ్: మొదటిసారి మీకు అర్థం కాకపోవడం కాదమ్మా. అప్పుడు ఆ మొగుడు వెంకటప్పయ్య వైపు నిలబడి చదివారు, ఇప్పుడు అతని భార్య రాజ్యం వైపు నిలబడి చదివారు. చాసో అతన్ని దుర్మార్గుణ్ణి చెయ్యలేదు. చేసుంటే నాలుగు తిట్లు తిట్టి పుస్తకం మూసేసేవాళ్ళం. నేను ఈ కథ చాలా బ్యాచ్‌లకు పాఠం చెప్పాను. మగపిల్లలు అతని జీతం సంగతి ఎత్తేవారు, ఆడపిల్లల్లో కొందరు మాట్లాడేవారు కాదు. నన్నడిగితే, కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చినా ఏడాదికోసారైనా పాత కథ ఒకటి తిరగెయ్యాలి. కొన్ని నిలబడవు. నేను ఒకప్పుడు పిచ్చిగా చదివిన సీరియల్ నవలలు ఇప్పుడు రెండో అధ్యాయానికే మూసేస్తున్నాను, పేర్లు చెప్పను. ఇంతకీ ఆ కుట్టు మిషను ఉందా?

శ్రోత: (నవ్వు) ఉందండీ. నూనె వెయ్యాలి.

యాంకర్: ఇంకొకరు, నరసన్నపేట నుంచి. త్వరగా చెప్పండి.

శ్రోత: మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళ పేజీలు చింపి బైండింగ్ చేయించి దాచుకుంది. అటక నిండా అవే. మా ఆవిడ కాటాకి వేసేద్దామంటోంది.

మేడమ్: ఆగండాగండి! శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా. కథలు రాసిన కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు, తెలుగు కథ ఎక్కడ అచ్చయినా అక్కడికి చేర్చాలని. పాత పత్రికలు వాళ్ళకి బంగారం. చెదపట్టనివి విడిగా తీసి, ఏ పత్రిక, ఏ సంవత్సరం అన్నది ఒక కాగితం మీద రాసుకుని అడగండి. మరి అమ్మగారు ఉన్నారా?

శ్రోత: ఉన్నారు. కళ్ళు కనబడవు. ఎనభై ఆరు.

మేడమ్: అయితే కాటా సంగతి, కథానిలయం సంగతి తర్వాత. ముందు అందులోంచి ఒకటి దించి, రోజూ సాయంత్రం ఒక భాగం చదివి వినిపించండి. సీరియల్‌ కదా, వారానికోసారి ఆగి చదివిన మనిషి ఆవిడ, తొందరపెట్టరు. మీ పిల్లల చేత చదివిస్తే ఇంకా మంచిది, తెలుగు ఎంత తడబడుతున్నారో కూడా తెలుస్తుంది.

యాంకర్: చివరి కాల్, ఎచ్చెర్ల.

శ్రోత: మేడమ్, గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. కథలు చదువుతుంటే టైమ్ వేస్ట్ అని టెన్షన్ వస్తోంది. మానెయ్యమంటారా?

మేడమ్: పరీక్ష ఎప్పుడు?

శ్రోత: ఇంకా నోటిఫికేషన్ రాలేదు మేడమ్.

మేడమ్: అది ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు నాన్నా! అంతదాకా కథలు మానేస్తావా? రాత్రి పడుకునే ముందు ఒక్క కథ చదువు. కథానిలయం వెబ్‌సైట్‌లో బోలెడు కథలు స్కాన్ చేసి పెట్టారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. కానీ ఫోన్‌లో చదివితే మధ్యలో మెసేజ్ రాకుండా ఉండదు. డేటా ఉన్నప్పుడు దించుకుని, నెట్ ఆపేసి చదువు.

శ్రోత: ఏ కథతో మొదలుపెట్టమంటారు మేడమ్?

మేడమ్: కారా మాస్టారి ‘యజ్ఞం’. మీ జిల్లా కథే. అప్పు లెక్కలు వచ్చిన చోట పెన్సిల్ పట్టుకుని కూర్చో, దాటెయ్యకు.