తొండలు, తాటాకు ప్రతులు

శ్రోతలకు నమస్కారం.

"తొండ ముదిరి ఊసరవెల్లి అయింది" అని మన పెద్దలు అంటుంటారు. తొండ ఎంత ముదిరినా తొండే. కానీ ఆ రెండూ దగ్గరి చుట్టాలన్నది మాత్రం నిజం. తొండకు బల్లి కంటే ఊసరవెల్లే దగ్గర. డీఎన్ఏ కూడా ఆ మాటే చెబుతోంది.

అసలు చిక్కు ఒకే పోలికలో ఉండే తొండలతో. ఎండలు ముదిరేటప్పుడు మన బీడు భూముల్లో ఒక చిన్న తొండ రాయెక్కి, గొంతు కింది తోలును విసనకర్రలా విప్పి మూస్తుంటుంది. అది మగది, ఆడదాన్ని పిలుస్తోంది. 1829లో కువియె అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇలాంటిదానికి పాండిచ్చేరి మీదుగా సితానా పాంటిసెరియానా అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఎక్కడ ఇలాంటి గొంతు కనిపించినా చాలాకాలం అదే పేరు రాసుకుంటూ పోయారు. గొంతు రంగును బట్టి విడదీద్దామంటే, ఆడవాటికి ఆ విసనకర్రే ఉండదు.

మరి డీఎన్ఏ ఎలా విడదీస్తుంది? మన కడపలో బ్రౌన్ దొర చేయించిన పని గుర్తు చేసుకోండి. ఒకే కావ్యానికి ఎన్నో రాతప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించేవారు. ఒక లేఖకుడు చేసిన తప్పు, ఆ ప్రతిని చూసి రాసిన వాళ్లందరి రాతలోకీ దిగుతుంది. అదే తప్పు రెండు ప్రతుల్లో కనిపిస్తే రెండింటికీ తల్లిప్రతి ఒకటేనని పట్టుకోవచ్చు. తొండల్లోనూ అంతే. తరతరానికీ డీఎన్ఏ నకలవుతూ ఎక్కడో ఒక అక్షరం మారుతుంది, అది పిల్లలకు దిగుతుంది. తోక కొన నుంచి చిన్న ముక్క తీసి, ఆల్కహాల్‌లో దాచి, ల్యాబ్‌లో ఆ అక్షరాలు చదివి పోలుస్తారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది, అది తల్లి వైపు నుంచే వస్తుంది. దాన్నొక్కదాన్నే నమ్మితే సగం కథే తెలుస్తుంది కాబట్టి కణకేంద్రంలోని జన్యువులనూ చూస్తారు.

2016లో పరిశోధకులు డీఎన్ఏతో పాటు శరీర లక్షణాలనూ కలిపి చూసి ఐదు కొత్త జాతులను గుర్తించారు. నీలం, నలుపు, నారింజ రంగుల పెద్ద గొంతున్నవి వేరే కొమ్మ అని తేలి, వాటికి సారడా అనే కొత్త ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఏర్పడింది. ఆ ఐదు కొత్త జాతుల్లో ఒకటి సితానా విసిరి. తమిళంలో విసిరి అంటే విసనకర్ర, మన మాటకు చుట్టమే!

అన్నీ ఒకే పేరు కింద ఉన్నంతకాలం "అన్నిచోట్లా ఉందిలే" అనుకుంటాం. విడదీశాక కొన్ని చిన్న ప్రాంతంలోనే ఉన్నాయని తెలుస్తుంది. ఆ చోటును బంజరని చదును చేసేస్తే? నా టెన్షన్ అంతా అదే.

ఈ వేసవిలో మీ చేను గట్టున ఆ విసనకర్ర కనిపిస్తే, కదలకుండా నిలబడి వెనక కాలి వేళ్లు లెక్కపెట్టండి. నాలుగే ఉంటాయి.