వరి కోత ముందు చల్లే మినుము: రక్తహీనతకీ, వేడెక్కే వాతావరణానికీ

[తెర మీద: ప్రకాశం బ్యారేజీ. అక్కడి నుంచి కాలువ వెంట వరి చేలు.]

విజయవాడ దగ్గర బ్యారేజీకి అటూ ఇటూ బయల్దేరే కాలువలే కృష్ణా డెల్టాకి అన్నం పెడుతున్నాయి. అయితే నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలాడదు. ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడి పెంచే వాయువిది.

ఇక మన ఇళ్ల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. కడుపు నిండా అన్నం తింటున్న ఇళ్లలోనూ ఇదే గొడవ. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

రెండింటికీ పనికొచ్చే పైరు మన చేలోనే ఉంది. మాగాణి మినుము! రక్తహీనతకి ముఖ్య కారణం ఇనుము లోటు, మినుములో ఆ ఇనుము ఉంటుంది.

[దగ్గరి షాట్: కోతకొచ్చిన వరి మధ్య విత్తనాలు చల్లుతున్న చెయ్యి.]

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, నేల పదునుండగానే మినుములు చల్లేస్తారు. దుక్కి దున్నే పని లేదు. మిగిలిన తేమతో, చలికాలం మంచుతో పెరిగి ఫిబ్రవరి, మార్చి కల్లా చేతికొస్తుంది. నీళ్లు నిలవవు కాబట్టి మీథేన్ బెడద లేదు.

[దగ్గరి షాట్: పీకిన మొక్క వేళ్లు.]

ఈ బుడిపెలు చూడండి. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు. అంటే అందులోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకి అందిస్తోందన్నమాట. ఆ మేరకు యూరియా తగ్గుతుంది. యూరియా వేసిన నేల నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 273 రెట్లు వేడి పెంచుతుంది మరి.

ఇంత మంచి పైరుని చాలామంది ఎందుకు వదిలేశారు? పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్‌తో ఆకులు పసుపెక్కి పంట పోతే, రైతు మొక్కజొన్నకి మళ్లాడు. దానికి నీళ్లూ, ఎరువూ ఎక్కువ కావాలి. గింజలో చాలాభాగం కోళ్ల దాణాకి పోతుంది. ఇందులో రైతుని తప్పుపట్టడానికేమీ లేదు.

[తెర మీద: వంటిల్లు.]

వండేటప్పుడు తెల్లటి గుండు కాకుండా పొట్టు మినప్పప్పు వాడండి, పీచు పోదు. ఇడ్లీ పిండి బాగా పులిస్తే ఇనుమును ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ కొంత తగ్గుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ మాత్రం వద్దు, అవి ఇనుముని పట్టనివ్వవు.

[తెర మీద: బడిలో మధ్యాహ్న భోజనం.]

పల్లాకుని తట్టుకునే విత్తనం వరి కోతలకి ముందే రైతుకి అందాలి. పిల్లలకి బడిలో రాగిజావ, చిక్కీ ఇస్తున్నారు, సంతోషం. పొట్టు మినుములతో చేసిన సున్నుండ కూడా చేర్చి, ఆ మినుములు కృష్ణా, గుంటూరు జిల్లాల రైతుల దగ్గరే కొనాలని మా కోరిక.