కాలిన్స్‌కి ‘వద్దు’ వినపడదు! ఎలిజబెత్ బెనెట్ మనకింకా ఎందుకు నచ్చుతోంది?

హాయ్ అండీ, బెజవాడలో పొద్దున్నుంచీ ఒకటే వాన. కరెంటు పోయేలోపు పూర్తి చేసేస్తా. ఈరోజు పుస్తకం జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, 1813 నాటిది. ఇదిగో, ఏలూరు రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. ముందు చదివినావిడెవరో (చేతిరాత చూసి ఆవిడే అనుకుంటున్నా) పెన్సిల్‌తో గీతలు గీసింది. ఎక్కువ గీతలు 19వ అధ్యాయంలోనే.

అక్కడ కాలిన్స్ అనే చుట్టం మన కథానాయిక ఎలిజబెత్‌ని పెళ్లి చేసుకుంటానంటాడు. వీళ్లు ఐదుగురు అక్కచెల్లెళ్లు, మగపిల్లాడు లేడు. తండ్రి పోతే ఆస్తంతా ఈయనకే. రేపు ఇల్లు ఖాళీ చేయమనగలిగిన మనిషన్నమాట! అయినా ఈ పిల్ల మర్యాదగా వద్దంటుంది. ఆయనేమో ఆడపిల్లలు ముందు అలాగే అంటార్లే అంటాడు. మళ్లీ చెప్తుంది. మళ్లీ అదే పాట. ఇక లాభం లేదు, నాన్న చేత చెప్పించాల్సిందే అనుకుంటుంది.

ఆ పేజీ అంచున పెన్సిల్‌తో ఒకే మాట: ‘సిగ్గుపడుతోంది’. పగలబడి నవ్వాను. నా పెళ్లిచూపులయ్యాక నేను వద్దంటే, మా మేనత్త కాఫీ కప్పులు తీస్తూ అమ్మతో అన్నదీ అదే: “సిగ్గుపడుతోంది వదినా, నువ్వు ఖాయం చేసేయ్.”

కథానాయకుడు డార్సీ కూడా మొదటిసారి పెళ్లి చేసుకుంటావా అని అడిగినప్పుడు ఈమె ఒప్పుకుంటుందనే ధీమాతో వస్తాడు. ఏడాదికి పదివేల పౌన్ల ఆసామి మరి! ఆయనకీ వద్దనే చెప్తుంది. కాకపోతే ఆయనకి వినపడుతుంది. మర్నాడు ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోతాడు, మళ్లీ పెళ్లి ఊసెత్తడు చాలాకాలం. నాకైతే లవ్ స్టోరీ అక్కడే మొదలైంది.

అక్కకి జ్వరమొస్తే మూడు మైళ్లు బురదలో నడిచెళ్తుంది చూడండి, అదీ ఇష్టమే. విక్‌హమ్ అనే అందగాడి తీపి మాటలు నమ్మేసి బోల్తా పడుతుంది. మనం పడలేదా ఏంటి!

ఒక్క విషయంలో మాత్రం నాకు ఎలిజబెత్ మీద కోపం. స్నేహితురాలు షార్లెట్ 27 ఏళ్లకి అదే కాలిన్స్‌ని చేసుకుంటే మరీ చిన్నచూపు చూస్తుంది. ఎలిజబెత్‌కి ‘సరే, వద్దులే’ అనే నాన్న ఉన్నాడు. అందరికీ ఉంటారా? షార్లెట్ ఏం చేస్తుందో తెలుసా? మొగుణ్ణి తోటపనికి తోలుతుంది, ఒంటికి మంచిదని చెప్పి. తను కూర్చోడానికి ఇంటి వెనక గది ఎంచుకుంటుంది, ఆయన అటు ఎక్కువగా రాకుండా. కనిపిస్తోందా, ఇక్కడ కూడా పెన్సిల్ గీత. రెండుసార్లు గీసింది.